టెలిస్కోప్ కొన్నాను, శనికి వలయాలు లేవు. మోసపోయానా?

మేడమెట్లు
మా పాపకి తొమ్మిదేళ్ళు. స్కూల్లో గ్రహాల ప్రాజెక్టు చేసినప్పటి నుంచి శని, శని అని ఒకటే గోల. సరేనని పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో టెలిస్కోప్ తెప్పించాను. డబ్బా మీద '525 రెట్లు' అని పెద్ద అక్షరాలు, పక్కన రంగురంగుల శని బొమ్మ. ఏడు వేల చిల్లర అయింది.

నాలుగు రాత్రులుగా మేడ మీద తంటాలు పడుతున్నాం. ఫోన్ యాప్ చూపించిన చోట శనిని ఎలాగో పట్టుకున్నాం. ఆవగింజంత పసుపు చుక్క. వలయాలు లేవు. 525 పెడితే ఆ చుక్క కూడా లేదు, బూడిదరంగు పొగ. పాప మొదటిరోజు గంటసేపు నిలబడింది, రెండోరోజు పావుగంట, నిన్న 'నాన్నా, నాకు హోంవర్క్ ఉంది' అని కిందికి వెళ్ళిపోయింది. హోంవర్క్ ఉందని దానంతట అది చెప్పడం ఇదే మొదటిసారి.

పైగా మా అమ్మ. ఆవిడది మేషరాశి, మార్చి నుంచి ఏలినాటి శని మొదలైందట. 'అందరూ శని వదలాలని నూనె పోస్తారు, నువ్వు డబ్బు పోసి ఇంటికి తెచ్చావు' అంటోంది.

వెనక్కి పంపడానికి ఇంకా మూడు రోజుల గడువుంది. పీసు బాగోలేదా, నాకే చూడ్డం రాదా?

పెసరట్టు_ప్రియ
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. 'డబ్బు పోసి ఇంటికి తెచ్చావు' అన్నమాట నేను మా ఆయన కొన్న ట్రెడ్‌మిల్‌కి వాడుకుంటాను.

చీకటి_కావాలి
ఆగండి, వెనక్కి పంపకండి. ముందు అద్దం వెడల్పెంత, గొట్టం మీద రాసిన అంకెలేంటి, ఏయే ఐపీసులు (కన్ను పెట్టి చూసే చిన్న గొట్టాలు) వచ్చాయి, చెప్పండి. మేడ మీద నిలబెట్టినప్పటి ఫోటో ఉంటే పెట్టండి.

మేడమెట్లు
అద్దం 70 మి.మీ., ఫోకల్ 700 అని ఉంది. ఐపీసులు 20, 12.5, 4. ఇంకా '3ఎక్స్' అని ఒక నల్ల గొట్టం. సూర్యుణ్ణి చూడ్డానికని ఒక పచ్చ గాజుబిళ్ళ కూడా ఇచ్చారు. నిన్నటి ఫోటో పెట్టాను, పక్కన ఉన్నది మా దోమల బ్యాట్.

చీకటి_కావాలి
ఆ పచ్చ బిళ్ళను ఇప్పుడే, ఇది చదవడం ఆపి మరీ, చెత్తబుట్టలో వేసి రండి. కంటి వైపు బిగించే సోలార్ ఫిల్టర్ అది. అద్దం పోగేసిన ఎండంతా దాని మీదే పడుతుంది. వేడికి పగిలిందా, ఆ ఎండ నేరుగా కంట్లోకి. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు వైపు మొత్తం కప్పే ఫిల్టర్ కావాలి, అది వేరే సరుకు. పాప చేతికి అందే చోట ఆ బిళ్ళ ఉండకూడదు.

ఇక 525 సంగతి. 700ని ఐపీసు మీది అంకెతో భాగించండి. 20 పెడితే 35 రెట్లు. 12.5 పెడితే 56. 4 పెడితే 175. దానికి ఆ 3ఎక్స్ నల్ల గొట్టం, అంటే మూడింతలు చేసే బార్లో, తగిలిస్తే 525. లెక్కలో తప్పు లేదు, ఉద్దేశంలోనే ఉంది. 70 మి.మీ. అద్దం ఎంత వెలుతురు పట్టుకోగలదో అంతే పడుతుంది. దాన్నే మీరు 525 రెట్లు సాగదీస్తున్నారు. గ్లాసు మజ్జిగలో బిందెడు నీళ్ళు పోసి ఊరందరికీ పంచినట్టు. మామూలుగా మేం చెప్పుకునే కొలత, అద్దం మి.మీ.కి రెట్టింపు. మీకు 140. అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. అంటే మీ 4 ఐపీసే ఎక్కువ, బార్లో దండగ.

ఇంకోటి, భూమి తిరుగుతోంది కదా. ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. 525 దగ్గర మీకు కనిపించే ఆకాశపు ముక్క ఎంత చిన్నదంటే, శని ఒక అంచున వచ్చి ఇంకో అంచున పోవడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు. మీరు పాపని పిలిచి, పాప కుర్చీ ఎక్కేలోపు అయిపోతుంది.

20 పెట్టండి. అది అలవాటయ్యాక 12.5. మిగతావి డబ్బాలోనే ఉంచండి.

రాత్రి_డ్యూటీ
అన్నా, ఫోటో జూమ్ చేసి చూసిన. గొట్టం ముందర మూత ఉన్నది. నడుమ చిన్న బొక్క మూత ఒకటే తీసినవ్.

చీకటి_కావాలి
అయ్యో. నేను అంకెలు చూస్తూ కూర్చున్నాను, ఆయన ఫోటో చూశాడు.

మేడమెట్లు
మధ్యలో ఉన్నదే మూత అనుకున్నాను!! అది తీస్తే లోపల అద్దం కనిపించింది కదా అని... పెద్దది కూడా ఊడుతుందా?

రాత్రి_డ్యూటీ
ఊడుతది. గట్టిగ గుంజు, గోరు పెట్టి.

మేడమెట్లు
ఊడింది. నాలుగు రాత్రులు మూత పెట్టి చూశానన్నమాట. ఈ పోస్టు మా ఆవిడ చదవకూడదు.

చీకటి_కావాలి
సిగ్గుపడకండి, ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేస్తారు. ఆ చిన్న మూత మరీ వెలుగుగా ఉన్న చందమామ కోసం. సగం వెడల్పు బొక్క అంటే నాలుగో వంతు వెలుతురే లోపలికి వెళ్ళింది. నేను మొదటి నెలంతా ఐపీసు తలకిందులుగా పెట్టాను.

డల్లాస్_బాబాయ్
మూత తీసినా ఇలాంటి బొమ్మ టెలిస్కోపులతో పిల్లలకు ఆసక్తి చచ్చిపోతుంది. రిటర్న్ చేసి, ఇంకొంచెం డబ్బు వేసుకుని 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోప్ కొనండి. మా బ్యాక్‌యార్డ్‌లో అదే ఉంది. శని చూస్తే కళ్ళు తిరుగుతాయి.

పెసరట్టు_ప్రియ
బాబాయ్ గారూ, ఆయన హ్యాండిలే 'మేడమెట్లు'. మీ బ్యాక్‌యార్డ్ ఆయనకెక్కడిది? 'ఇంకొంచెం డబ్బు' అని మీరన్నది ఏ కరెన్సీలో?

చీకటి_కావాలి
బాబాయ్ గారి మాటలో సగం నిజముంది. అద్దం పెద్దదైతే అన్నీ బాగుంటాయి. కానీ 8 అంగుళాలది ఇరవై కిలోల పైమాటే. రోజూ మూడంతస్తులు మోయాలి. మోయడానికి బద్ధకించి మంచం కింద పడుకున్న పెద్ద టెలిస్కోపుల కంటే రోజూ మేడెక్కే చిన్నది నయం. నన్నడిగితే అసలు మొదట కొనాల్సింది 10x50 బైనాక్యులర్లు. కొనేశారు కాబట్టి ఇది చాలు. గెలీలియో 1610లో గురుడి నాలుగు చందమామల్ని పట్టుకున్న గొట్టం దీనికంటే చిన్నది, దీనికంటే మసక.

లెక్కల_మాస్టారు
మూత సంగతి తేలింది. వలయాల సంగతి ఇంకా తేలలేదు. మూత మొత్తం తీసినా, ఈ 2025 నవంబర్‌లో మీకు శని వలయాలు దాదాపు కనపడవు. తప్పు మీది కాదు, దుకాణం వాడిది కూడా కాదు.

శని సూర్యుడి చుట్టూ తిరగడానికి సుమారు 29 ఏళ్ళ 6 నెలలు. ఒరిగి తిరుగుతుంది కాబట్టి ఆ తిరుగుడులో రెండుసార్లు వలయాల అంచు సరిగ్గా మన వైపుకు వస్తుంది. 2009లో వచ్చింది. మళ్ళీ 2025 మార్చి 23న వచ్చింది, కానీ అప్పుడు శని సూర్యుడి వెలుగులో మునిగి ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు భూమి ఉన్న చోటును బట్టి మళ్ళీ దాదాపు అంచుకొచ్చింది, వాలు అర డిగ్రీ కూడా లేదు. ఆ వలయాలు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్ల పైమాట. మందం మాత్రం చాలా చోట్ల పదుల మీటర్లే. కాగితం అంచును కంటికి ఎదురుగా పట్టుకుని చూసినట్టు. పూర్తిగా విప్పారింది 2017లో, మళ్ళీ అలా కనిపించేది 2032లో.

గెలీలియోకీ ఇదే జరిగింది. 1610లో శనికి అటూ ఇటూ చెవుల్లా ఏవో చూశాడు, మూడు గ్రహాలు అనుకున్నాడు. 1612లో చూస్తే చెవులు లేవు. మహానుభావుడు కంగారుపడ్డాడు. అది వలయం అని తేల్చి చెప్పడానికి 1659 దాకా, హైగెన్స్ దాకా ఆగాల్సి వచ్చింది.

మీ అమ్మగారికి ఇంకో లెక్క చెప్పండి. ఆ 29న్నర ఏళ్ళను పన్నెండు రాశులకు పంచితే రాశికి సుమారు రెండున్నరేళ్ళు. ముందుదీ, మనదీ, తర్వాతదీ, మూడు రాశులకు ఏడున్నర. ఏలినాటి శని అంటే అదే. ఫలితాల సంగతి నాకు తెలీదు, భాగహారం మాత్రం కరెక్టు.

మేడమెట్లు
మాస్టారూ, పదిహేనేళ్ళకోసారి వలయాలు మాయమవుతాయంటే, నేను సరిగ్గా ఆ ఏడాదే కొన్నానన్నమాట. అమ్మకి చెప్తే 'చెప్పలేదూ, శని ప్రభావం' అంది.

పెసరట్టు_ప్రియ
కాదనలేం కదా!

చీకటి_కావాలి
పాపకి శనిని పక్కనపెట్టి చందమామను చూపించండి. పౌర్ణమి నాడు మాత్రం వద్దు. పౌర్ణమి చంద్రుణ్ణి చూడ్డమంటే మిట్టమధ్యాహ్నం ఎండలో ఇసుక దిబ్బను చూడ్డమే, నీడ ఉండదు, అంతా తెల్లగా కొట్టుకుపోతుంది. అష్టమికి అటూ ఇటూ చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి పోండి. అక్కడ గుంటల గట్లు సాయంత్రం ఎండ తగిలినట్టు మెరుస్తాయి, లోపల నల్లటి నీడ. కొన్ని గుంటల నడిమధ్య ఒక చిన్న శిఖరం, దాని కొసకు మాత్రం వెలుతురు. గంట ఆగి మళ్ళీ చూస్తే ఆ వెలుతురు కొద్దిగా కిందికి దిగి ఉంటుంది. అక్కడ తెల్లవారడం మీరు చూస్తున్నట్టు.

ఆ తర్వాత గురుడు. ఈ నవంబర్‌లో రాత్రి పదింటి తర్వాత తూర్పున, పునర్వసు చుక్కల పక్కన. అంత వెలుగున్న చుక్క అటువైపు ఇంకోటి లేదు. 40 రెట్లు పెడితే గురుడు, మామూలు కంటికి చందమామ ఎంత కనిపిస్తుందో అంత కనిపిస్తాడు.

డల్లాస్_బాబాయ్
చందమామంతా? ఊరికే చెప్పకండి. నా పెద్ద టెలిస్కోప్‌లోనే బఠాణీ గింజంత.

చీకటి_కావాలి
చందమామ పెద్దదని మనకు మనమే అనుకుంటాం. చేయి పూర్తిగా చాచి రెండు వేళ్ళ మధ్య ఒక శనగ గింజ పట్టుకోండి, చందమామ మొత్తం దాని వెనక దాక్కుంటుంది. ఈ రాత్రే చూడండి. మీ బఠాణీ, ఆకాశంలో చందమామ, రెండూ ఒకటే సైజు. నల్లటి గొట్టంలో చూసేసరికి పక్కన పోల్చుకోవడానికి ఇల్లూ చెట్టూ ఉండవు, అందుకే చిన్నగా అనిపిస్తుంది.

డల్లాస్_బాబాయ్
శనగ గింజ లేదు, చిక్‌పీ డబ్బా తెరిచి చూశాను. మీరన్నది నిజమే. మా ఆవిడ ఇప్పుడు మిగిలిన డబ్బాని ఏం చేయాలని అడుగుతోంది.

లెక్కల_మాస్టారు
చూపు గురించి మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. 1980 ఫిబ్రవరి 16, సంపూర్ణ సూర్యగ్రహణం. మా ఊరు నల్లగొండ దగ్గర, సరిగ్గా దారిలో. నాకు పదకొండేళ్ళు. గ్రహణం చూస్తే కళ్ళు పోతాయని రేడియోలో, వీధిలో, బళ్ళో ఒకటే హెచ్చరిక. ఆ మధ్యాహ్నం ఊళ్ళో కర్ఫ్యూ పెట్టినట్టు. మా అమ్మ కిటికీలకు గొంగళ్ళు కట్టింది. నన్నూ చెల్లినీ వడ్లబస్తాల గదిలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టింది.

మూడున్నర దాటాక తలుపు సందులోంచి వచ్చే ఎండగీత నేల మీద పలచబడింది. పసుపు పోయి, ఏదో అల్యూమినియం గిన్నె రంగు. కోళ్ళు గంప కిందికి వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత గీత లేదు. చీకటి. రెండు నిమిషాలు ఉందేమో. మా చెల్లి ఏడుపు మొదలుపెట్టేలోపు మళ్ళీ గీత వచ్చింది, ఎక్కడో ఒక కోడిపుంజు కూసింది.

నేను చూసిన సంపూర్ణ సూర్యగ్రహణం అదీ. గచ్చు మీద ఒక గీత.

మాకు అంత దూరం కాని జాపాల-రంగాపూర్‌లో, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్నచోట, ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో గుడారాలు వేసుకుని మరీ చూశారని తర్వాత తెలిసింది. నిజానికి సూర్యుడు పూర్తిగా కప్పుకుపోయిన ఆ రెండు నిమిషాలూ మామూలు కంటితో చూడొచ్చు. ముందూ వెనకా సూర్యుడి ముక్క ఏ కాస్త కనపడ్డా మాత్రం ప్రమాదమే. ఆ తేడా మా ఊళ్ళో చెప్పేవాళ్ళు లేకపోయారు.

రాత్రి_డ్యూటీ
మాస్టారు, నీ పోస్టు రెండుసార్లు చదివిన.

గుంటూరు_ఘాటు
గ్రహణం అంటే మా ఊరు రావాలి. హీలియం పుట్టింది గుంటూరులో. 1868 ఆగస్టు 18న ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన మా ఊరొచ్చి గ్రహణం చూసి కనిపెట్టాడు. మిర్చి ఒక్కటే అనుకోకండి.

విశాఖ_తీరం
పుట్టింది సూర్యుడిలో. గుంటూరులో పుట్టలేదు.

లెక్కల_మాస్టారు
గుంటూరు గారూ, సగం మీదే, ఒప్పుకుంటాను. జాన్సెన్ గుంటూరులో చేసిన అసలు ఘనకార్యం వేరు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుతురు ఎంత గట్టిగా ఉందంటే, గ్రహణం అయిపోయాక కూడా వాటిని చూడొచ్చు కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు పొద్దున్నే, గ్రహణం లేకుండానే, వెలుతురును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. అప్పటిదాకా ఆ పని ఎవరూ చేయలేదు. ఇక హీలియం జాడ చెప్పిన పసుపు గీత. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన పోగ్సన్ కూడా సోడియం గీత దగ్గర ఒక పసుపు గీతను గమనించాడు. అది సోడియం కాదు, భూమ్మీద ఎవరికీ తెలియని పదార్థం అన్న ఆలోచన మాత్రం ఇంగ్లండ్‌లో లాకయర్‌ది. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో, రామ్సేకి.

గుంటూరు_ఘాటు
సరే, పుట్టింది సూర్యుడిలో, పేరు పెట్టింది ఇంగ్లండ్‌లో. బారసాలకి ముందు మొదటి చూపు మాత్రం మాదే. బెలూన్ల వాడికి ఈ విషయం చెప్తే డిస్కౌంట్ ఇవ్వడం లేదు.

విశాఖ_తీరం
మాటొచ్చింది కాబట్టి మా ఊరిదీ రాసుకోండి. విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే తన డాబాలో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు నల్లచుక్కలా దాటిపోవడాన్ని చూసి లెక్కలు రాశారు. అదంతా ఇప్పటి డాబా గార్డెన్స్ దగ్గర. ఆ దారిన పోయేవాళ్ళలో ఎందరికి తెలుసో.

నిశ్శబ్ద_సభ్యుడు
హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ కూడా. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర సొంత ఖర్చుతో మొదలుపెట్టాడు, తర్వాత ప్రభుత్వానికి వెళ్ళి బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని దేశాలన్నీ వాటాలు పంచుకుని ఫోటోలు తీసిన పెద్ద పనిలో ఒక వాటా వీళ్ళది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బాప్పు. నిజాం కాలేజీలో చదివి, 1949లో తోకచుక్కని కనిపెట్టి, తర్వాత కావలూరులో పెద్ద టెలిస్కోప్ కట్టించిన ఆయన. ఆరేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, ఇది నా మొదటి పోస్టు.

పెసరట్టు_ప్రియ
ఆరేళ్ళ తర్వాత నోరు విప్పి ఏడు లక్షల నక్షత్రాలు పెట్టారు. స్వాగతం.

మేడమెట్లు
అందరూ గుంటూరు, విశాఖ తిరిగొచ్చారు, నా మేడ మర్చిపోయారు. అప్‌డేట్: మూత పూర్తిగా తీసి, 20 ఐపీసుతో అష్టమి చంద్రుణ్ణి చూశాం. పాప అరుపుకి కింద ఇంటివాళ్ళు ఏమైందని పైకొచ్చారు. వాళ్ళూ చూశారు. క్యూ కట్టారు. మా అమ్మ కూడా వచ్చి చూసి, 'ఇదేంటి, అట్టు మీద చిల్లుల్లాగా' అంది.

ఇంకో ప్రశ్న. చూస్తుండగా ఏడు గంటలప్పుడు వాయవ్యం నుంచి ఒక పెద్ద చుక్క, మిణుకు లేకుండా, చప్పుడు లేకుండా సాగిపోయింది. నడినెత్తి దాటాక ఉన్నట్టుండి ఆరిపోయింది. టెలిస్కోప్ తిప్పేలోపే పోయింది. పాప 'అందులో మనుషులున్నారా' అని అడిగింది.

రాత్రి_డ్యూటీ
ఉన్నరు! అది అంతరిక్ష కేంద్రం, ఐఎస్ఎస్. నా నైట్ షిఫ్టులో నాకు దోస్తు అది. నేను ఒక గోదాముకు కాపలా. తెల్లారుజామున గేటు కాడ కుర్చీ వేసుకుని యాప్ చూసుకుంట కూసుంట. సరిగ్గ చెప్పిన నిమిషానికి వస్తది, మా బస్సు రాదు గని. ఆరిపోయిందంటే ఏం కాలేదు, భూమి నీడలోకి పోయింది. దానికి సొంత లైటు లేదు, మనకు కనపడేది దాని మీద పడ్డ ఎండ.

టెలిస్కోప్‌తో పట్టుకోకు. నేను ఒకసారి మా సార్ బైనాక్యులర్స్‌తో చూడబోయి మెడ పట్టేసింది, మూడు రోజులు ఒకదిక్కే చూసిన.

చీకటి_కావాలి
400 కిలోమీటర్ల ఎత్తు, గంటకు సుమారు 27,600 కిలోమీటర్ల వేగం, చుట్టూ తిరగడానికి గంటన్నర. 2000 నవంబర్ 2 నుంచి ఒక్కరోజు కూడా అది ఖాళీగా లేదు, ఈ 2025 నవంబర్‌కే పాతికేళ్ళు నిండాయి. పాపకి చెప్పండి, తను పుట్టిన రోజున కూడా అక్కడ ఎవరో ఉన్నారని. ఈ 2025 జూన్, జూలైల్లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా పద్దెనిమిది రోజులు అక్కడే ఉన్నాడు.

మేడమెట్లు
పాప రెండో ప్రశ్న: అక్కడ గురుత్వాకర్షణ లేదు కాబట్టే తేలుతారు కదా? అవునన్నాను. మా ఆవిడ కాదంటోంది.

లెక్కల_మాస్టారు
మీ ఆవిడ చెప్పిందే రైటు. ఆ ఎత్తులో మనకున్న గురుత్వంలో పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కించారా పాపని? పైనుంచి దిగేటప్పుడు కడుపులో జివ్వుమంటుంది చూడండి, అప్పుడు భూమి లాగడం మానేసిందా? లేదు, మన కుర్చీ కూడా మనతోపాటు పడుతోంది. అంతరిక్ష కేంద్రం, అందులోని మనుషులు, వాళ్ళ నీళ్ళ సీసా, అన్నీ కలిసి పడుతూనే ఉంటాయి. పక్కకు అంత వేగంగా పోతున్నాయి కాబట్టి పడ్డంత మేరా భూమి కిందికి వంగిపోతుంది, నేల తగలదు.

గుంటూరు_ఘాటు
మా జిల్లా మూలాలున్న బండ్ల శిరీష కూడా 2021 జూలై 11న అంతరిక్షానికి వెళ్ళొచ్చింది. ఇది కూడా విశాఖ గారు కాదంటారా?

విశాఖ_తీరం
వెళ్ళింది, సంతోషం. కానీ సుమారు 86 కిలోమీటర్లు. 100 దాటితేనే అంతరిక్షం అని ఎక్కువమంది లెక్క.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో 80 కిలోమీటర్లు దాటితే చాలు. గీత ఎవరు గీస్తే వాళ్ళది.

విశాఖ_తీరం
అదే నేను చెప్పేది. శుక్లా కక్ష్యలో తిరిగాడు. ఇది పైకి వెళ్ళి నాలుగు నిమిషాలు తేలి కిందికి రావడం. రెండూ గొప్పే, రెండూ ఒకటి కాదు.

పెసరట్టు_ప్రియ
86 కిలోమీటర్లు పైకి వెళ్ళిన పిల్లని '14 తగ్గాయి' అంటున్నారు. మార్కుల దగ్గర మన పద్ధతి మారదు. వందకి 86 వస్తే మిగతా 14 ఏమయ్యాయని అడిగే జాతి!

పులికాట్_పక్కన
మాది సూళ్ళూరుపేట వైపు. ఇంతసేపు చదివి ఆగలేక రాస్తున్నాను. పాపని ఒకసారి శ్రీహరికోట ప్రయోగానికి తీసుకురండి. సందర్శకుల గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. దొరక్కపోతే పులికాట్ గట్టు మీద నుంచైనా కనపడుతుంది. 2025 నవంబర్ 2న ఎల్‌వీఎం3 రాకెట్ సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఎగిరింది. చెట్ల మీదుగా ముందు వెలుగు లేస్తుంది, ఏ చప్పుడూ ఉండదు. కొత్తగా వచ్చినవాళ్ళు 'ఇంతేనా' అంటారు. మేం నవ్వుకుంటాం. ముప్పావు నిమిషం ఆగాక చప్పుడు వస్తుంది. చెవుల్లోకి కాదు, గుండెల్లోకి. మా ఇంట్లో షోకేస్ అద్దాలు గిలగిల్లాడతాయి. మా నాన్న ఆ అద్దానికీ చెక్కకీ మధ్య మడిచిన పోస్టుకార్డు పెట్టాడు, నా చిన్నప్పుడు. ఇంకా ఉంది. గగన్‌యాన్‌లో మనుషులు వెళ్ళేదీ ఇక్కడి నుంచే. అప్పుడు కొత్త కార్డు పెడతాం.

మేడమెట్లు
రెండు వారాల తర్వాత వస్తున్నాను. టెలిస్కోప్ వెనక్కి పంపలేదు.

గురుణ్ణి పట్టుకున్నాం. పక్కనే ఒకే వరుసలో సన్నటి చుక్కలు, మొదటిరోజు మూడు. పాప నోటుబుక్కులో పెద్ద సున్నా, పక్కన మూడు చుక్కలు వేసుకుంది. మర్నాడు నాలుగు. అటు రెండు, ఇటు రెండు. 'నిన్న ఇది లేదు నాన్నా, నేను తప్పు వేశానా' అని బెంగ. తప్పు కాదు, అది గురుడి వెనకో ముందో ఉండి ఉంటుందని చెప్పాను. ఇక రోజూ తొమ్మిదింటికి నన్నే మేడ మీదకు లాక్కెళుతోంది. పన్నెండు రోజుల బొమ్మలు అయ్యాయి. ఒక రోజు బొమ్మ స్థానంలో 'మబ్బు' అని రాసింది.

మా మేడ గచ్చు రాత్రి ఎనిమిది దాకా వేడిగానే ఉంటోంది, బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు కదులుతోంది. పైగా పక్కింటి ఏసీ యూనిట్ గాలి. అవతలి మూలకు మారాక బాగుంది.

శని కూడా. 12.5 పెట్టి చాలాసేపు చూస్తే, గుండ్రటి గింజ, దానికి అడ్డంగా అటూ ఇటూ సన్నగా గీత. ఉందా లేదా అన్నట్టు. పాప 'సూది గుచ్చిన ముత్యం' అంది. అమ్మ ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసింది. 'ఇంతేనా. దీనికేనా నేను శనివారాలు ఉపవాసం' అంది. కానీ మొన్న శనివారం కూడా ఉపవాసమే చేసింది.

లెక్కల_మాస్టారు
ఆ నోటుబుక్కు జాగ్రత్తగా దాచండి. వారానికొకసారి ఒకే చోటికి వచ్చే చుక్క ఏదో కనిపెట్టమనండి. గురుడి చందమామల్లో గ్యానిమీడ్‌కి ఒక చుట్టు తిరగడానికి ఏడు రోజుల పైచిలుకు, తనే పట్టేస్తుంది. మీరు చెప్పొద్దు.

చీకటి_కావాలి
గీత కనపడిందంటే మీ కన్ను తయారైంది. వచ్చే అమావాస్యకి ఊరు దాటి వెళ్ళండి. పిల్లలకోడి గుంపు, అంటే కృత్తికలు, 20 ఐపీసులో చూడండి. తర్వాత మృగశిరలో వరుసగా ఉండే మూడు చుక్కల కింద వేలాడే మసక. 1,300 సంవత్సరాలకు పైగా ప్రయాణం చేసొచ్చిన వెలుతురు అది.

రాత్రి_డ్యూటీ
మా అమ్మ ఆ మూడు చుక్కలను గొల్లకావడి అంటది.

విశాఖ_తీరం
మా వైపు గొల్లకావడి అంటే అవి కావండీ...

పెసరట్టు_ప్రియ
మళ్ళీ మొదలు. దీనికి కొత్త చర్చ తెరవండి, ఇక్కడ పాప పడుకుంది.

మేడమెట్లు
ఒక్కటే చివరి సందేహం. గొట్టం మీద ఎర్రచుక్క చూపించే చిన్న ఫైండర్ వెలగడం లేదు. రాత్రంతా ఆపకుండా వదిలేశాను. లోపల గుండ్రటి బ్యాటరీ ఉంది, అంకె చెరిగిపోయింది. ఏది అడగాలి?

లెక్కల_మాస్టారు
వాచీ రిపేరు కొట్లో 2032 అని అడగండి. వలయాలు పూర్తిగా విప్పారే ఏడు కూడా అదే, మర్చిపోరు.